కొర్రమట్ట కోసం చెరువుల పొంటి తిరుగుడు: రామప్ప నుంచి కడెం దాక

ఫ్లై రాడ్ అని, లైను బరువు తోనే తేలిక ఎరను దూరం విసిరే గాలం కర్ర ఒకటి కొన్న సంది చుట్టాలు, ఆఫీసోళ్లు అందరూ అడిగేది ఒక్కటే. వీడియోలల్ల తెల్లోళ్లు నడుం దాక నీళ్లల్ల నిలబడి పడతరు గద, ఆ ట్రౌట్ మన వరంగల్ దిక్కు దొరుకుతదా, పోనీ ఆ బాస్ అనే చేప అన్నా దొరుకుతదా అని. రెండూ దొరకయి. ట్రౌట్‌కు చల్లగ పారే నీళ్లు కావాలె, 20 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలైతది. బ్రిటిషోళ్లు తెచ్చి కశ్మీర్ల, కులూ దిక్కు, ఇటు నీలగిరుల్ల ఇడిసిన చేప అది. హిమాచల్ల అయితే చలికాలమంత ట్రౌట్ వేట బంద్ పెట్టి మార్చి 1కి తెరుస్తరు, ఆ మోజున్నోళ్లు రైలెక్కి అటే పోవాలె.

మనకున్నది కొర్రమట్ట. 2016ల తెలంగాణ రాష్ట్ర చేప అని పెట్టింది దీన్నే. నన్నడిగితే బాస్ లేదని బాధపడే పనే లేదు, ఎందుకంటే ఇది చేసే పని కూడ అదే. తామరాకుల కిందనో నాచుల పొంటో కదలకుండ పొంచి ఉంటది, పైన కప్పో ఎలుకో కదిలిందంటే నీళ్లు పగిలేటట్టు ఎగిరి మింగుతది. పైగా దీనికి గాలి పీల్చుకోనీకి పైకి రాక తప్పదు, వచ్చినప్పుడు చిన్న బుడగ సప్పుడైతది, ఆ సప్పుడు చెవిన పడ్డదంటే చేప ఎక్కడున్నదో దొరికినట్టే. బాస్ కోసం చేసిన రబ్బరు కప్ప బొమ్మలు ఇక్కడ అట్లనే పనిచేస్తయి. నేనైతే పాత హవాయి చెప్పు కోసి, దానికి ఎర్ర దారం చుట్టి, గాలం ముల్లు గడ్డికి తట్టుకోకుండ ముందు సన్న తీగె కట్టి వాడుత. మూడు నాలుగు వందలు పెట్టి కొన్న కప్పల కంటె దీనికే ఎక్కువ పడ్డయి, ఒట్టు.

సీజన్ గురించి జర చెప్పాలె. మన దగ్గర ఈ పనికి మంచి రోజులంటే శివరాత్రి నుంచి ఉగాది దాటి ఇంకో వారం పది రోజుల దాక. యాసంగి వరికి తూములు ఇడిసి పెడతరు కాబట్టి చెరువు రోజు రోజుకు గుంజుకుంట పోతది, చేపలు మిగిలిన నీళ్లల్లనే చేరుతయి, ఒడ్డు పొంటి నాచు బయటపడ్తది, ఏది ఎక్కడున్నదో కనపడ్తది. పొద్దున ఆరింటికి నీళ్ల మీద ఉండాలె, తొమ్మిదిన్నర అయినంక కొర్రమట్ట నోరు తెరవదు, మళ్ల నాలుగున్నర తర్వాతనే. నడుమ ఆ ఎండల చేసేదేం లేదు, పండుకోవాలె. వానలు పడ్డంక మాత్రం నేను రాడ్ తీయ. అప్పుడు అవి పిల్లలు పెడతయి, ఎర్రటి సన్న పిల్లల గుంపు నీళ్ల మీద తేలుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటయి, ఆ గుంపు మీద కప్ప ఏస్తే కోపానికి కొడ్తయి, పట్టుడు అల్కగనే ఉంటది కాని గది వేట కాదు. ఆ జంటను తీస్తే పిల్లలన్నీ ఆగమైతయి.

ఇగ అసలు సంగతి. ఈ చెరువుల మీద రాసినోళ్లంత రూమ్ ఎట్లున్నది, వ్యూ ఎట్లున్నది, ఏసీ ఉన్నదా అని రాస్తరు. చేపల కోసం పోయేటోనికి ఇవన్ని తర్వాత. మొదటిది, ఆ చెరువుల చేపల మీద హక్కు ఎవరిది? మన దిక్కు దాదాపు ప్రతి చెరువుకు మత్స్య సహకార సంఘం ఉంటది, ముదిరాజులో గంగపుత్రులో, ఆళ్లు లీజు కడ్తరు, గవర్నమెంటు ఇచ్చే చేప పిల్లలను ఇడుస్తరు, కాపలా కాస్తరు. ఆళ్లకు చెప్పకుండ కట్ట మీద నిలబడి రాడ్ తీస్తే ఎవరికైనా మండుతది, మన ఇంటెనక జామచెట్టుకు ఎవడో వచ్చి కాయలు తెంపుకుంటే ఊకుంటమా. ముందురోజు సాయంత్రం ఊర్లకు పోయి, సంఘం పెద్దమనిషిని కలిసి, చాయ్ తాగి మాట్లాడుకుంటే చెరువు సగం చేతికొచ్చినట్టే.

రామప్ప దగ్గర గట్లనే చేసినం, నేనూ మా బామ్మర్దీ. హన్మకొండ నుంచి ములుగు మీదుగ డెబ్బై కిలోమీటర్ల దాక, ములుగు దాక పెద్ద రోడ్డే. పాలంపేటల సంఘం పెద్దమనిషి మా రాడ్ పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "గింత సన్నగున్నది, రెండు కిలోల మట్ట పడితే ఇరగదా సారూ?" అన్నడు. ఇరగదు తాతా అని, పట్టిన చేప మీకే ఇస్తమనో లేకుంటె నీళ్లల్ల ఇడుస్తమనో చెప్పినంక, "ఇడిసిపెట్టుడైతే మరి పట్టుడెందుకు బిడ్డా" అని నవ్విండు, దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తెప్పా, తెప్ప నడిపే పిలగాడూ కలిపి పొద్దున పూటకు ఐదు వందలు అన్నరు. బేరం చేయలే, చేయొద్దు కూడ. మార్కెట్ల బతికున్న మట్ట కిలో నాలుగైదు వందలు పలుకుతది, మనం పూటంత తిరిగితే ఆళ్లకు ఒక వల వేసే పని పోతది.

తెప్ప అంటే థర్మోకోల్ దిమ్మెలను కట్టి మీద గోనె సంచి చుట్టింది. దాని మీద ఇద్దరి కంటె ఎక్కువ ఎక్కరాదు, నిలబడి ఫ్లై లైను విసురుడు అంటే సర్కస్ ఫీటే, అందుకే కూసొనే విసరాలె, మోకాళ్లు పట్టేస్తయి. అయినా ఒడ్డు కంటె తెప్పే నయం. ఒడ్డు మీద అసలు తిప్పలేందంటే మన చెరువులన్నిటికీ ఒక దిక్కు ఎత్తు కట్ట, కట్ట మీద తుమ్మ చెట్లు. ఫ్లై లైను ముందుకు పోవాలంటే ముందు వెనకకు పోవాలె గద, వెనకకు పోయిందంటే తుమ్మ ముళ్లల్ల చుట్టుకుంటది, ఇగ సగం పొద్దు దాన్ని విడిపిచ్చుడే. లైను వెనకకు విసరకుండ నీళ్ల మీదనే చుట్టలెక్క తిప్పి ముందుకు తోసేది ఒకటుంటది, రోల్ కాస్ట్ అంటరు, ఇక్కడికి రావాలనుకునేటోళ్లు ముందు అది నేర్చుకోండి. రాడ్ 8 వెయిట్, ఈ నంబరు పెరిగిన కొద్ది రాడ్ గట్టిగుంటది, తొమ్మిది అడుగులది, పైన తేలే లైను, లైను కొసకు కట్టే దారాన్ని లీడర్ అంటరు, అది 20 పౌండ్లది. ట్రౌట్‌కు వాడే 4, 5 వెయిట్‌ది తెస్తే తాత అన్న మాటే నిజమైతది. చేప నాచులకు దూరిందంటే గుంజాలె, సన్న రాడ్ తోని అది కాదు.

రామప్పల పొద్దు గుట్టలెక్కకముందే రెండు పడ్డయి, పెద్దది కిలోన్నర ఉండొచ్చు. చేప ఎరను కొట్టినప్పుడు ఎంటనే గుంజొద్దు, ఒక్క క్షణం ఓపిక పట్టాలె, కప్పను లోపటికి తీసుకొని తిరిగినంక లైను బిగుస్తది, అప్పుడు గుంజాలె. మా బామ్మర్ది ఆ సప్పుడుకే ఉలిక్కిపడి ప్రతిసారి ముందే గుంజుతడు, పొద్దంత అదే కథ, పాపం.

ఉండుటానికి రామప్పల చెరువు ఒడ్డు కాటేజీలల్ల ఖాళీ ఉన్నయా అని ముందే అడగండి, దొరికితే అవే తీస్కోండి. మేము ఒకసారి ఖాళీ లేక పక్క టౌన్ల ఒక లాడ్జీల దిగినం, పేరెందుకు గని, ఫోన్ల "పొద్దున నాలుగున్నరకు గేటు తీస్తం సార్" అన్నోడు నాలుగున్నరకు గేటుకు తాళం పెట్టి లోపట గుర్రుపెట్టి పండుకున్నడు, లేపి తీయించేటాలకు ఐదున్నర, చెరువు మీదికి పోయేటాలకు పొద్దెక్కింది. రూమ్ మంచిగనే ఉండె, బెడ్‌షీట్లు తెల్లగనే ఉండె, స్టార్లు ఇస్తే నాలుగు ఇయ్యొచ్చు, కాని మాకు ఆ రూమ్ సున్నా. అందుకే ఇప్పుడు ఏ లాడ్జీల దిగినా నేను అడిగే మొదటి ముచ్చట గేటే.

ఇంట్లోళ్లను తీసుకపోయేటోళ్లకు రామప్ప కంటె మంచిది ఇంకోటి లేదు. మీరు చెరువు మీద ఉంటే ఆళ్లు గుడి చూస్తరు, 1213ల గణపతిదేవుని కాలంల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక రోడ్డు మీద బోర్డులు గిట్ల పెరిగినయి, జనం కూడ పెరిగిండ్రు. ఆ మదనికల బొమ్మల కాడ మా ఆవిడ గంట నిలబడ్డది, నేను చేపలు పట్టినంత సేపు ఎవ్వరు ఫోన్ చెయ్యలే, ఇంతకంటె మంచి ఏర్పాటు ఏముంటది.

లక్నవరం అందరికీ తెలుసు, ఊగే బ్రిడ్జి, నీళ్ల నడుమ దీవులు, దీవి మీద రూములు. కొండల నడుమ చెరువు అంటే మన జిల్లాలల్ల ఇదే, ఫోటో తీసి పంపితే ఎవరన్నా విదేశం అనుకుంటరు. ఉండుటానికి మార్కులన్ని దీనికే, పొద్దుగూకినంక బ్రిడ్జి మీద జనం పోయి చెరువు సప్పుడు లేకుండ అయినప్పుడు మస్తు ఉంటది. చేపల సంగతికొస్తే మాత్రం చెప్పుకోదగ్గది కాదు. నీళ్లు లోతు, ఒడ్లు నిటారు, కొర్రమట్టకు కావాల్సిన లోతు తక్కువ నాచు జాగలు చెరువు వెనక దిక్కు ఒర్రెలు కలిసే కాడ ఉంటయి, అక్కడికి పోవాలంటే పడవ కావాలె. బోటింగ్ పడవలు టూరిస్టులను తిప్పుటానికి ఉన్నయి, మన పనికి కాదు, మళ్ల సంఘపోళ్ల తెప్పలే దిక్కు. శని, ఆదివారాలు అసలు పోకండి. బుధవారమో గురువారమో పోయి ఒక రాత్రి ఉండి పిల్లలకు బ్రిడ్జి చూపిచ్చి, పొద్దుగాల రామప్పకు వచ్చి చేపలు పట్టుకోండి, ఒకదానికొకటి దగ్గరనే.

పాకాల పేరు కూడ అడుగుతరు. నర్సంపేట దాటి పోవాలె, వరంగల్ నుంచి యాభై కిలోమీటర్ల చిల్లర. చెరువు చూస్తే కండ్లు తిప్పుకోబుద్ధి కాదు, కాకతీయుల నాటిది, చుట్టూ టేకు అడవి, మార్చిల మోదుగులు ఎర్రగ పూసి ఉంటయి. కాని అది 1952 నుంచి అభయారణ్యం, ఫారెస్టోళ్ల పర్మిషన్ లేకుండ రాడ్ తీసుడు తప్పు, రాడ్ డిక్కీలనే ఉండాలె. ఇంకోటి, అందుల మొసళ్లు ఉన్నయి, కాళ్లు కడుక్కోనీకి దిగేముందు కూడ చూసుకోండి. టిఫిన్ కట్టుకొని పోండి, మధ్యాహ్నం దాక ఉండి తిరిగి రండి.

తాడ్వాయిల అడవి నడుమ గుడిసెలు ఉంటయి, చేపల పని లేకున్నా ఒక రాత్రి ఉండొచ్చు, ఎండాకాలం మొదట్ల తెల్లారుజామున ఇప్పపూల వాసన కిటికీ నుంచి వస్తది. సమ్మక్క జాతర ఉన్న సాలు మాత్రం ఆ నెలంత ఆ రోడ్డు మీదికి చేపల కోసం పోకండి, జాతరకు పోతే పోండి. అట్నే ముందుకు ఏటూరునాగారం కాడ గోదావరి. ఎండాకాలంల ఇసుక ఎక్కువ, నీళ్లు పాయలు పాయలుగ పారుతయి, ఫ్లైకి అనుకూలం కాదు, గాలి ఒకటి, ఎంత విసిరినా నది ఇంకా అంతే ఉంటది. అక్కడ వలలేసేటోళ్లకు వాలుగ పడ్తది, మీసాలు పెట్టుకొని నోరంత పండ్లతోని, చూస్తేనే భయమైతది. ఒకాయన మాకు రెండు కిలోల ముక్క కోసిచ్చిండు, హన్మకొండ దాక ఐస్ పెట్టుకొని తెచ్చినం. కాళేశ్వరం కూడ పోయినం, ప్రాణహిత కలిసే కాడ దర్శనం, స్నానం వరకు మంచిది, చేపల కోసమైతే అంత దూరం దండుగ.

కడెం గురించి ఎక్కువ రాయాలె, ఎందుకంటే వరంగల్ దిక్కు నుంచి అంత దూరం ఎవరూ పోరు. కరీంనగర్, లక్సెట్టిపేట, జన్నారం మీదుగ రెండు వందల కిలోమీటర్ల దాక పడ్తది. జన్నారం దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల అడవి, కవ్వాల్ టైగర్ రిజర్వ్ అది, పొద్దుండంగనే దాటాలె. అడవిల పారే వాగులల్ల, కుంటలల్ల గాలం ఏసుడు బంద్, ముందే చెప్తున్న. ప్రాజెక్టు రిజర్వాయర్ల మాత్రం సంఘం ఉన్నది, అడిగితే వాళ్లే ఎంత దాక పోవచ్చో ఎక్కడ పోవద్దో గీత గీసినట్టు చెప్తరు.

రిసార్టు గుట్ట మీద ఉన్నది, కిటికీ తెరిస్తే కిందంత నీళ్లు. మేము పోయినప్పుడు వారం నడుమ కాబట్టి మేము, ఇంకో ఫ్యామిలీ, అంతే. కౌంటర్ల పిలగాన్ని పొద్దున ఐదున్నరకు పోతం, ఫ్లాస్కుల చాయ్ కావాలె అంటే పోసిచ్చిండు. నేను తిరిగిన జాగలల్ల చేపలు పట్టేటోని టైము అర్థం చేసుకున్నది ఇక్కడొక్క కాడనే. వంట మామూలు, పప్పు, కోడికూర, చపాతి, దాని గురించి రాసేదేం లేదు.

రిజర్వాయర్ మార్చిల దిగిపోయి అంచుల పొంటి ఎండిన చెట్ల మోళ్లు బయటికి వస్తయి, ఆ మోళ్ల నడుమ నాచు, కొర్రమట్టకు ఇంతకంటె ఏం కావాలె. మమ్ముల తిప్పిన ఆయన పడవ చెక్కది, వెడల్పుది, నిలబడి విసిరినా కదలలే, రామప్ప తెప్ప మీద పట్టేసిన మోకాళ్లకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున పూటకు వెయ్యి తీసుకున్నడు, రామప్ప కంటె డబల్, కాని పడవకు న్యాయమే. గేట్ల దిక్కు చూపిచ్చి 2022 జులై వరద ముచ్చట చెప్పిండు. ఐదు లక్షల క్యూసెక్కుల పైన వచ్చిందట, 18 గేట్లల్ల ఒకటి లేవకపోయె, నీళ్లు ఆనకట్ట మీదికెళ్లి పోతుంటె కింది ఊర్లన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించిండ్రు. "వలలు, పడవలు అన్ని పోయినయి సార్, మనుషులు మిగిలిండ్రు" అన్నడు. ఆ ఏడు చేపలు కూడ కిందికి కొట్టుకపోయినయట, మళ్ల పిల్లలను ఇడిసి ఇప్పుడిప్పుడే చెరువు నిండుతున్నదన్నడు. ఆ మాట ఇన్నంక పట్టిన పెద్ద మట్టలు రెండూ ఆయన ముంగటనే నీళ్లల్ల ఇడిసినం, చిన్నదొకటి ఆయన బుట్టల పడ్డది.

మధ్యాహ్నం ఆళ్లింట్లనే తిన్నం. ఆయన ఇల్లాలు మామిడికాయ ఏసి చేపల పులుసు పెట్టింది, జొన్న రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ. పైసలు ఇస్తె తీసుకోలే, "అన్నం తిన్నదానికి పైసలేంది అన్నా" అన్నది. పిల్లల చేతుల పెట్టి వచ్చినం. సాయంత్రం పూట ఇంకా మంచిగ కొట్టినయి, గాలి పడిపోయి నీళ్లు కదలకుండ ఉన్నయి, చెప్పు కప్పను మోడు పక్కన ఏసి రెండు సార్లు గుంజంగనే గుంట పడ్డట్టు నీళ్లు లోపటికి పోయినయి. పడవ పక్క దాక వచ్చి ముల్లు వంచి పోయింది అది. ఎంతుంటదని అడగకండి, మా బామ్మర్ది నాలుగు కిలోలు అంటడు, ఆయన లెక్కలు నేను ఎప్పుడూ నమ్మ. ముండ్లు మాత్రం మందంవి పెట్టుకొని పోండి, కడెం పోయేటోళ్లు.

అంత దూరం పోయి ఒక్క రాత్రికే తిరిగొస్తే నడుం నొప్పి తప్ప ఏం మిగలదు, రెండు రాత్రులు పెట్టుకోండి. పెట్రోలు, రూము, పడవ, తిండి అన్ని కలిపి ఇద్దరికి పది పన్నెండు వేలల్ల అయింది. వచ్చేటప్పుడు కరీంనగర్ల మానేరు డ్యాం కాడ ఆగి ఫ్రై చేపలు తినండి, డ్యాం అయితే ఫ్లై రాడ్‌కు పెద్దది, గాలికి లైను మన మీదికే వస్తది, ఆ పక్క బండ్ల మీద వేయించిన చేప ముక్కకు మాత్రం పేరు పెట్టనక్కర లేదు.

సామాన్ల సంగతి ఒక ముక్క. వరంగల్ల గాలాలు, నైలాన్ దారం, బెండ్లు దొరుకుతయి, స్పిన్నింగ్ రాడ్‌లు కూడ ఒకటి రెండు షాపులల్ల పెడుతున్నరు, ఫ్లై లైను మాత్రం ఆన్‌లైన్లనే తెప్పిచ్చుకోవాలె, వచ్చేటాలకు వారం పైన. ఒకటి తెగితే ఇంకోటి ఉండాలె, కాబట్టి రెండు తెప్పిచ్చుకోండి.

అంత టైము లేదు, ఒక్క సాయంత్రమే ఉన్నది అనేటోళ్లకు ధర్మసాగర్ ఉన్నది, హన్మకొండ నుంచి అర్ధగంట. దేవాదుల నీళ్లు పోసే రిజర్వాయర్ కాబట్టి పంపులు నడిచినప్పుడు నీళ్లు పెరుగుతయి, ఆగినప్పుడు దిగుతయి, పెరిగే రోజుల కంటె దిగి రెండు మూడు రోజులు నిలకడగ ఉన్నప్పుడు పోండి. ఇక్కడ కూడ సంఘపోళ్లను అడిగే పోవాలె. కట్ట దిక్కు వదిలి నీళ్లు దిగినంక బయటపడే శిఖం భూములున్న దిక్కు పోతే వెనక చెట్లుండయి, లైను హాయిగ విసరొచ్చు. చీకటి పడకముందే బండి ఎక్కండి, యాసంగి కోతల టైంల ఆ ఊర్ల రోడ్ల మీద హార్వెస్టర్లు వెనక లైటు లేకుండనే పోతుంటయి.